అమ్మ నడుము, కారు షాకులు

కారులో ముదిగుబ్బలోని పిన్నమ్మ ఇంటికి పోయేటప్పుడు, గుంత వచ్చినప్పుడల్లా వెనక సీట్లోంచి అమ్మ "నడుము ఇరిగిపాయరా" అనేది. "వయసైంది, ఓర్చుకో" అని కసురుకునేవాణ్ణి. చివరికి ఆమె కారెక్కడమే మానేసింది.

ఒకరోజు బ్రేకుల కోసం షెడ్డుకు తీసుకుపోతే, మెకానిక్ కారు వెనక భాగాన్ని గట్టిగా నొక్కి వదిలాడు. ఒక్కసారి లేచి నిలబడాల్సిన కారు నాలుగైదు సార్లు ఊగింది. కింద, గుంతల కుదుపును మింగాల్సిన షాకబ్జార్బర్లు నూనె కారి తడిసి ఉన్నాయి.

"వెనక షాకులు పోయినాయన్నా. రెండూ మార్చల్ల."

తప్పు అమ్మ నడుముది కాదని తెలిసి ప్రాణం లేచొచ్చింది. కొత్తవి వేయించి, అమ్మను బతిమాలి ఎక్కించుకున్నాను. గుంతలన్నీ దాటినా వెనక నుంచి మూలుగు లేదు. అద్దంలో చూశాను. అమ్మ నన్నే చూస్తోంది.

"ఓర్చుకోమంటివే! వయసైండేది నాకా, నీ కారుకా?"