ఎదురు ప్రశ్న అడగని మిర్చి వ్యాపారులు

నేను పదవీ విరమణ చేయబోయే ఏడాది వేసవిలో విశ్వవిద్యాలయం నన్ను ఒక పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసానికి బాహ్య పరీక్షకుడిగా నియమించింది. అప్పటికి నేను నరసరావుపేటలో ఒక మేనేజ్‌మెంట్ కళాశాలలో ప్రొఫెసర్ని. బాహ్య పరీక్షకుడంటే వేరే కళాశాలలో తయారైన పరిశోధన చదివి, అది డిగ్రీకి తగునో తగదో నివేదిక రాసేవాడు. తగునని రాయడం ఆనవాయితీ. చదవడం ఆయన ఇష్టం.

పరిశోధకురాలు రమాదేవిది నకరికల్లు. మాచర్లలో ఒక కళాశాలలో పాఠాలు చెప్పేది. ఆ విద్యాసంవత్సరం ముగిసేలోగా డాక్టరేట్ రాకపోతే ఉద్యోగం ఉండదని యాజమాన్యం తేల్చేసింది. ఎంచుకున్న విషయం మంచిదే. దేశాలు ఒకదాని మొహాన ఒకటి తలుపులు వేసుకుంటున్న ఈ కాలంలో పల్నాడు మిర్చి వ్యాపారులు సరుకు ఎటు పంపాలో ఎలా నిర్ణయించుకుంటున్నారన్నది ఆమె ప్రశ్న.

వ్యాసం చివర జతచేసిన ఇంటర్వ్యూలు చదివి బిత్తరపోయాను. మన వ్యాపారులందరూ ‘మార్కెట్ వైవిధ్యీకరణ’, ‘వ్యూహాత్మక భాగస్వామ్యం’ అంటూ మాట్లాడుతున్నారు. ఒక్కరూ విసుక్కోలేదు, ప్రభుత్వాన్ని తిట్టలేదు. అన్నిటికంటే వింత, ఒక్కరూ ఆమెను ఎదురు ప్రశ్న అడగలేదు. మా వైపు కొత్త మనిషి వచ్చి వ్యాపారం సంగతి కదిపితే, ఏ ఊరు, ఎవరి తాలూకు అని తేల్చుకోందే ఎవరూ నోరు విప్పరు. ఈ మహానుభావులు నమస్కారం పెట్టగానే వ్యూహాలు చెప్పేశారు.

రమాదేవిని పిలిపించి, అసలు ఎవరినైనా కలిసిందా అని అడిగాను.

“అందరినీ కలిశాను సార్. మా మేనమామ పేరు చెప్పిందాకా ఒకాయన కూర్చోమని కూడా అనలేదు. అదంతా చెత్త, ఏఐకిచ్చి శుభ్రం చేయించమని మా గైడ్ గారన్నారు,” అంది.

ఫోనులో రికార్డింగులున్నాయి. ఆ కూర్చోమనని పెద్దమనిషి గొంతే మొదట విన్నాను.

“ఏ దేశానికి పంపాలో నాకేం తెలుసమ్మా? ఆడ కొనేవోడు మనకేమన్నా చుట్టమా? గుంటూరులో మా తోడల్లుడున్నాడు, సరుకు ఆడికి పంపుతా. ఆడు ఏ దేశానికి పంపితే ఆ దేశం.”

మిగతావాళ్లదీ కాస్త అటూ ఇటూగా అదే మాట. తోడల్లుడు కాకపోతే బావమరిది, వియ్యంకుడు. వ్యాపారి దేశాన్ని ఎంచుకోవడం లేదు, చుట్టాన్ని ఎంచుకుంటున్నాడు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ సంగతి ఆమె కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకుంది. యంత్రం దాన్ని ‘వ్యూహాత్మక భాగస్వామ్యం’ అని ఇస్త్రీ చేసి ఇచ్చింది.

గైడ్ నాకు ఫోన్ చేశాడు. అంతర్జాతీయ పత్రికలకు మన తోడల్లుళ్లు ఎందుకండీ అని నవ్వాడు. పరిశోధన భవిష్యత్తు మీద సదస్సుల్లో ఉపన్యాసాలిచ్చే మనిషి. రికార్డింగుల ప్రకారం తిరగరాసి సమర్పించాలని నేను నివేదిక రాశాను. అంటే ఇంకో ఏడాది. ఆ సంగతి రమాదేవికి ముందే చెప్పాను.

“మరి నా ఉద్యోగం సంగతేంది సార్?” అంది.

నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

గైడ్ దగ్గర ఉంది. నేను విషయానికి సంబంధించిన నిపుణుణ్ణి కానని విశ్వవిద్యాలయానికి రాసి, పరీక్షకుణ్ణి మార్పించాడు. కొత్తాయన నెల తిరక్కుండా తగునని రాశాడు. రమాదేవికి డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం నిలబడింది. ఆమెను నేను తప్పుపట్టను. బతకాలి కదా. కూటికోసం కోటి విద్యలంటారు. ఆ గైడుకు మాత్రం కూటికేమీ లోటు లేదు.

ఈ మధ్య అదే ఏఐని, పల్నాడు మిర్చి వ్యాపారులు సరుకు ఎటు పంపాలో ఎలా నిర్ణయిస్తారని అడిగాను. మార్కెట్ వైవిధ్యీకరణ ద్వారా అని తడుముకోకుండా చెప్పి, ఆధారంగా రమాదేవి వ్యాసాన్నే చూపించింది. తోడల్లుడి ఊసే లేదు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది. రేపు యంత్రం మన గురించి చెప్పే అబద్ధానికి ఇవాళ సంతకం పెట్టేది పరీక్షకుడే. మనుషుల గొంతు వినకుండా ఆ సంతకం పెట్టకూడదు.