అద్దానికి బొట్టు

తగరం మీద లేజర్ కొడితే పుట్టే ప్లాస్మా నుంచి కంటికి కనపడని ఒక కాంతి వస్తుంది. దాన్ని గాలి కూడా మింగేస్తుంది. ఆ కాంతిని పట్టే అద్దం కోసం గన్నవరం దగ్గర మా కాలేజీ ల్యాబ్‌లో ఎనిమిది నెలలు ఎదురుచూశాను. ఈ రోజు వచ్చింది. నేను గ్లవ్స్ తెచ్చుకునేలోగా మా హెచ్‌ఓడీ గారు కొబ్బరికాయ కొట్టి, సరిగ్గా అద్దం మధ్యలో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేశారు.

“అయ్యో, దాని మీద వేలు కూడా పెట్టకూడదు కదండీ!” అన్నాను.

“కొత్త వస్తువమ్మా, బొట్టు పెట్టకుండా ఎలా వాడతాం?” అంటూనే నోటితో ఆవిరి ఊది, జేబురుమాలుతో గట్టిగా తుడిచారు. అద్దం మీది పల్చటి పూతకు గీతలు పడ్డాయి.

ఛీ అనిపించింది. అద్దాన్ని చేత్తో ముట్టుకోకూడదని బీఎస్సీలో నాకు నేర్పింది ఈయనే. ఇప్పుడు ప్రసాదమంటూ కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టారు. మీరైతే తినేవారా?