నేను మార్చిన తారీఖు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక సంగతి మోస్తున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ముఖం చూసి చెప్పమంటే ఇప్పటికీ నోరు పెగలదు.

తొంభైల చివర్లో, మెదక్ బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం పైన ఒక కంప్యూటర్ సెంటరు ఉండేది. ఊళ్ళో అప్పుడు ఎవరి నోట విన్నా కంప్యూటరే. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేనూ చేరాను. చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు లోపలికి పోవాలి. మూడే మిషన్లు. ఒక్కో మిషన్ ముందు ఇద్దరు. ఆడపిల్లలం మేమిద్దరమే కాబట్టి ఒకే మిషన్; నా పక్కన కూర్చునే అమ్మాయి సువార్త. అసలు పేరు అది కాదు. అసలుది రాసే ధైర్యం నాకు లేదు. వాళ్ళ నాయన చర్చి ఆవరణలో తోటపని చేసేవాడు. తను చర్చి క్వయర్‌లో పాడేది.

మేము నేర్చుకునేది సీ లాంగ్వేజీ. అది నన్ను ఎంత ఏడిపించిందో చెప్పలేను. ఒక్క సెమీకోలన్ మరిచిపోతే ఇరవై తప్పులు చూపించేది. అది దిద్దితే కొత్తగా ఇంకో నాలుగు. నోట్సంతా బట్టీ పట్టాను. డిగ్రీ గట్టెక్కించిన బట్టీ ఇక్కడ ఎందుకూ కొరగాలేదు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేది లూపు; ఆ లూపులో లూపు దగ్గరికొచ్చేసరికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఇంటికి పోతే మా అన్న, "నీతోటి గాదు తియ్" అనేవాడు. రోజూ అదే మాట. నిజంగానే నాకు బుర్ర లేదా? ఉంటే, సువార్తకు ఒక్కసారి చెబితే ఎక్కేది నాకు పదిసార్లు చెప్పినా ఎందుకు ఎక్కదు? తను మాత్రం విసుక్కోకుండా పదకొండోసారి చెప్పేది. అదీ నాకు మంటే.

కోర్సు చివర, సెంటరు నడిపే సార్ ఒక ప్రోగ్రాం రాయమన్నాడు. కలగాపులగంగా ఉన్న అంకెలను చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరుసలో పెట్టాలి. ముందుగా, సరిగ్గా రాసినవాళ్ళను తన దగ్గరే అసిస్టెంటుగా పెట్టుకుంటానన్నాడు. పై కోర్సు ఊరికే నేర్పుతానన్నాడు. ఆ పని రాకపోతే ఇంతటితో చాలించి కుట్టు నేర్చుకోమని సువార్త వాళ్ళ నాయన ముందే తేల్చేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

సోమవారం సువార్త రాసేసింది. నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా. క్వయర్‌లో ఎత్తు ప్రకారం నిలబడేటప్పుడు పక్కపక్కనున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటారు, పొట్టి మనిషి ముందుకు జరుగుతుంది, వరుస కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ అదే పని. వింటే అర్థమైంది. రాయబోతే చేయి ఆడలేదు. తనది చూసి రాసుకోమంది. చూసి రాసినా నాది నడవలేదు.

గురువారం తను రాలేదు. మా మిషన్‌లో బ్యాటరీ పోయి చాలా రోజులైంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఈ రోజు తారీఖు ఎంతని అడిగేది. మేమే కొట్టాలి. మేము ఏది కొడితే అదే దానికి నిజం. దాచుకున్న ఫైలు పక్కన ఆ తారీఖే పడేది. ఆ రోజు నేను గడిచిపోయిన శనివారం తారీఖు కొట్టాను. సువార్త ప్రోగ్రాం తెరిచి, మొదటి వరుసలో తన పేరు తీసేసి నా పేరు పెట్టి, నా ఫైలుగా దాచుకున్నాను. ఐదు నిమిషాలు పట్టింది. ఆరు నెలల్లో ఒక్క తప్పూ రాకుండా నేను చేసిన పని అదొక్కటే.

మర్నాడు సార్ ఇద్దరినీ పిలిచాడు.

"రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్. ముందుగల్ల ఎవరు రాసిండ్రు?"

"నేనే రాసిన సార్," అంది సువార్త. "ఆమెకు సమజ్ గాకుంటే నేనే చూసుకోమన్న. ఆమెనేం అనకుండ్రి."

సార్ తెర మీద వేలు పెట్టాడు. "నీది సోమవారంది. ఆమెది గంతకుముందు శనివారంది. మిషన్ అబద్ధం చెప్తదా?"

సువార్త నా వైపు తిరిగింది. "నువ్వు నా పక్కనే ఉన్నవ్ గదనే. జర చెప్పు సార్‌కు."

"నాకు తెల్వదు," అన్నాను.

తారీఖు కొట్టేది మేమేనని సార్‌కు తెలియదా? తెలుసు. మాకు నేర్పిందే ఆయన. అయినా తెర మీద కనబడింది కాబట్టి నమ్మాడు. ఆ రోజుల్లో మేమందరం అంతే, ఆ డబ్బా మనిషికన్నా నిజాయితీగలదని అనుకునేవాళ్ళం. పని నాకు వచ్చింది. సువార్త మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. లూపులో లూపు నేను నిజంగా నేర్చుకున్నది ఆ తర్వాతే, పిల్లలకు సగం తప్పులతో పాఠాలు చెబుతూ. ఈ రోజుకీ అదే నా బతుకుదెరువు.

తెలంగాణ కోసం జనం రోడ్ల మీద బైఠాయించిన రోజుల్లో, హైదరాబాద్ పోతున్న మా బస్సు తూప్రాన్‌లో ఆగిపోయింది. ఎండకు తాళలేక నీళ్ళ కోసం ఒక టైలరింగ్ దుకాణంలోకి పోతే, కుట్టుమిషన్ ముందు సువార్త. గుర్తుపట్టి కుర్చీ వేసింది. నీళ్ళిచ్చింది. ఆ సంగతి తనే ఎత్తింది, నవ్వుకుంటూ.

"ఆ దినం తారీకు నేనే తప్పు కొట్టిన్నేమోనే. గంత సోయి సుత లేనిదాన్ని, నాకెందుకు కంప్యూటర్ అనుకొని ఊకున్న."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు. రోడ్డు తెరిచినట్టుందని లేచి వచ్చేశాను. రోడ్డు తెరవలేదు. ఇంకో రెండు గంటలు ఆ బస్సులోనే ఉడికిపోతూ కూర్చున్నాను.

ఆమెకు రావలసిన పని లాక్కున్నానని మాత్రమే అన్నేళ్ళూ అనుకున్నాను. తన తెలివి మీద తనకున్న నమ్మకాన్ని కూడా లాక్కున్నానని ఆ రోజు తెలిసింది. నా మీద నాకు ఒళ్ళు మండిపోతుంది. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. ఒక్క ముక్క మాత్రం రాస్తాను. సువార్త ఆ రోజు తారీఖు సరిగ్గానే కొట్టింది. రాశాక గుండె కాస్త తేలికపడ్డ మాట నిజం. తనకు మాత్రం ఇంకా తెలియదు.