ఆ వంటింట్లో నేను చూసింది

నా చిన్నప్పుడు, పదేళ్ళు నిండిన ఏడాది, ఒక మనిషిని చంపబోతున్న మనిషి నన్ను చూసి నవ్వాడు.

మేం బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్నది వర్క్‌షాపులో పని. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. గోల్‌బజార్‌లో మన తెలుగువాళ్ళదే ఒక పెద్ద బట్టల కొట్టు, దాని వెనకే వాళ్ళ మూడంతస్తుల మేడ. అన్నదమ్ములిద్దరి కాపురాలూ అందులోనే. ఆ ఇంటి ఆడవాళ్ళ జాకెట్లు నేనే తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా వాళ్ళ వంటావిడ, నేను మామ్మ అని పిలిచే ముసలావిడ, తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేది.

ఆ మధ్యాహ్నం వంటింటి గుమ్మం దాకా వెళ్ళేసరికి మామ్మ లేదు. తమ్ముడుగారు ఒక్కడే నిలబడి గ్లాసులో మజ్జిగ కలుపుతున్నాడు. చేతిలో ఉన్న చిన్న కాగితం పొట్లాన్ని మడిచి, కిటికీ పైన గాలి కోసం వదిలిన కన్నంలోకి తోశాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఏమాత్రం తడబడలేదు. నవ్వాడు.

"ఏటమ్మా, నువ్వూ తాగుతావా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపి, జాకెట్ల సంచి అక్కడే పెట్టి వచ్చేశాను.

భోజనం తర్వాత మజ్జిగ తాగడం అన్నగారి అలవాటు. సాయంత్రానికి ఆయన పోయాడని బజారంతా కొట్లు మూసేశారు. విషమని తేలాక పోలీసులు వంటింటికి తాళం వేసి, మామ్మను పట్టుకుపోయారు. ముందురోజు అన్నగారు ఆవిడను కసిరాడనీ, ఆ కోపంతోనే చేసిందనీ తమ్ముడుగారే చెప్పాడట. కొట్టు పంచుకోవడం గురించి అన్నదమ్ముల మధ్య నడుస్తున్న గొడవ అప్పటికి బయటికి రాలేదు.

"పెద్దోల్ల ఇంటి గొడవ. మనకేటి తెల్సు? నోరు మూసుకుని ఉండాల," అన్నాడు నాన్న. అమ్మతో అన్న మాటే. నాకు మాత్రం నాతోనే అన్నట్టు వినిపించింది.

మూడో రోజు తమ్ముడుగారు మా ఇంటికి వచ్చాడు. నేను వదిలేసిన సంచిని మడతపెట్టి తెచ్చాడు. అమ్మ కంగారుగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా నా తల మీద చెయ్యి వేసి, "పాప మంచిది. ఎక్కువ మాట్లాడదు," అన్నాడు. ఆ చెయ్యి తీసేదాకా నేను ఊపిరి పీల్చలేదు.

అప్పటినుంచి నాకు గొంతులోకి ఏదీ దిగేది కాదు. అమ్మ ఇచ్చిన పాలు కూడా పెరట్లో పారబోసేదాన్ని. జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టి చూసేది. ఎండిన పెదాలు గమనించింది మాత్రం పక్కింటి అక్క. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. భర్త ఆ బట్టల కొట్లోనే గుమాస్తా. అక్క నన్నేమీ అడగలేదు. గ్లాసులో నీళ్ళు పోసి, నా ఎదురుగానే సగం తాగి, మిగతా సగం నాకిచ్చేది. అన్నం కూడా అలాగే, తాను ఒక ముద్ద తిన్నాకే నాకు పెట్టేది. తొమ్మిదో రోజు ఆవిడ ఒళ్ళో తల దాచుకుని చూసిందంతా చెప్పేశాను.

అక్క నన్ను లేపి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నీకు బయమేస్తందా?" అంది.

"ఊఁ."

"నాకూ ఏస్తంది. మా ఆయన పని ఆల్ల కొట్లోనే కదా."

"అయితే ఎవరికీ చెప్పొద్దా అక్కా?"

"బయం తగ్గినాక సెప్దామంటే అక్కడ ముసల్ది బతకదే. బయపడతానే ఎల్దాం, పద."

సంగతి విన్న అమ్మ ఏడ్చింది గాని ఆపలేదు. నాకు తల దువ్వి పంపింది. పోలీసు స్టేషన్‌కి వెళ్ళాలంటే ఆ కొట్టు ముందు నుంచే దారి. తమ్ముడుగారు కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూశాడు. అక్క అడుగు ఒక్క క్షణం ఆగింది. నా చేతిలో ఉన్న ఆవిడ చెయ్యి చెమటతో తడిసి వణుకుతోంది. అయినా వదల్లేదు. నడిచాం.

దారోగా, అంటే అక్కడి ఎస్సై, బెంగాలీలో, భయం లేదు చెప్పు అన్నాడు నాతో. అక్క కూడా బెంగాలీలోనే, "భయం ఉంది దాదా. అందుకే ఇన్ని రోజులు పట్టింది. వినండి," అంది. పొట్లం గురించి నేను చెప్పేసరికి ఆయన రాయడం ఆపి లేచి నిలబడ్డాడు. తాళం వేసిన ఆ వంటింట్లో, కిటికీ పైన కన్నంలోనే అది దొరికింది.

తమ్ముడుగారికి శిక్ష పడింది. అన్నగారి భార్య పిల్లలతో పుట్టింటికి వెళ్ళిపోయింది. కొట్టు మూతపడింది. అక్క భర్తను మాత్రం అంతకు ముందే, మేం స్టేషన్‌కి వెళ్ళిన మర్నాడే పనిలోంచి తీసేశారు. చాలా నెలలు ఆయన పని కోసం తిరిగాడు. ఆ మాట అక్క నా దగ్గర ఒక్కసారీ ఎత్తలేదు.

మామ్మను వదిలిపెట్టాక మా ఇంటికి వచ్చింది. సగానికి సగం అయిపోయింది. ఇంత ఆలస్యం ఎందుకు చేశావని అడుగుతుందేమోనని నేను తలుపు వెనక నక్కాను. దగ్గరికి పిలిచి వీపు నిమిరింది.

"తొమ్మిది రోజులు ఒక్కదానివే కడుపులో దాసుకున్నావా తల్లీ," అంది.

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

తరవాత నేను టీచర్నయ్యాను. రిటైరై ఖరగ్‌పూర్‌లోనే, సుభాష్‌పల్లిలో ఉంటున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరో ఒక పిల్ల మా గుమ్మం దగ్గర నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు చూస్తూ ఉంటుంది. భయపడకు అని ఏ పిల్లకీ చెప్పలేదు నేను. పక్కన కూర్చోబెట్టుకుని వింటాను. వెళ్ళవలసిన చోటు ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. అలాంటప్పుడు నా చెయ్యి వణుకుతుంది. దాచుకోను.