మా మేనత్త అడిగిన ఊ

నా చిన్నప్పుడు, మా ఊళ్ళో కరెంటు స్తంభాలు పాతి ఇంకా తీగలు లాగని రోజుల్లో, మా మేనత్త ఒక్క పూటలో పోగొట్టుకున్నవి ఇవి: నలభై గోగు కట్టలు, ఎకరం కౌలు భూమి, ఒకరి చెయ్యి కింద బతకక్కర్లేదన్న ధీమా. మూడే పద్దులు. చిన్న లెక్కే. దాన్ని ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు వేసినా నాకు కోపం ఆగదు.

మేనత్త చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. ఆ ఏడే మొదటిసారి తన పేరు మీద భూమి కౌలుకు పట్టింది. విజయనగరంలో ఉండే భూమి యజమాని ఆడమనిషికి కౌలేమిటని సణిగి, చివరికి ఒక్క పంటకు ఒప్పుకున్నాడు. ఆమె వేసిన గోగులో సగం నార తూచి ఇస్తే మరుసటి ఏడు కూడా భూమి ఆమెదే. ఇవ్వకపోతే లేదు.

గోగు కోసిన తరువాత కట్టలు కట్టి, ఊరి బందలో, అంటే చిన్న చెరువులో, ముంచి, పైన మట్టిపెళ్ళలు బరువు పెట్టి మూడు వారాలు నానబెడతారు. బెరడు కుళ్ళి నార వదులుతుంది. మధ్యలో నీరు తగ్గి ఎండ తగిలితే బెరడు నారకు అతుక్కుపోతుంది. అలాంటి నారను బొబ్బిలి బేరగాళ్ళు చేత్తో కూడా ముట్టుకోరు. అందుకే మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. అందరి కట్టలూ పైకి వచ్చాక డప్పు కొట్టించి చాటింపు వేయాలి. ఆ తరువాతే నీరు వదిలే మదుము తియ్యాలి. ఎవరి కట్టలు ఎవరివో తెలియడానికి ఇంటికో గుర్తు. మేనత్త తన పాత ఎర్ర చీర చింపి కట్టకో పీలిక కట్టింది. ఆ పీలికలు ముడి వేసింది నేనే.

సాయంకాలాలు ఆమె కథలు చెప్పేది. అందరి కథల్లో ఒక రాజు ఉండేవాడు. ఆమె కథల్లో రాజు ఉండడు, నేనే ఉంటాను. "నువ్వు అడివిలో ఉన్నావు. నీకు దాహమేస్తన్నాది. ఎదర రెండు దారులున్నాయి" అంటూ మొదలుపెట్టేది. నేను ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోయేది, ఎంత బతిమాలినా కదిలేది కాదు. "నీ కథే గదే. నువ్వు ఊ అనకపోతే నానెలాగ నడిపిస్తాను?" అనేది. అడవిలో తప్పిపోయిన రాజు సంగతి విని హాయిగా నిద్రపోవచ్చు. తప్పిపోయింది నేనే అయినప్పుడు నిద్ర పట్టేది కాదు.

మేనత్త కట్టలు ముంచి పన్నెండు రోజులైంది. తెల్లవారి వెళ్ళేసరికి బంద అడుగు బురద కనబడుతోంది. మా ఊరి పెద్దరైతు అందరికన్నా ముందు ముంచిన తన కట్టలు నాలుగు రోజుల క్రితమే తీయించుకున్నాడు. వెన్ను తీయబోతూ పొట్ట మీదున్న అతని వరికి నీరు కావాలి. చాటింపు లేదు, డప్పు లేదు. అతని మడులు నిండుగా ఉన్నాయి. మిగిలిన ఇళ్ళవాళ్ళకి అటో ఇటో పొలం నూతులో, గెడ్డ వాగులో చోటు దొరికింది. బంద నడుమ, అన్నిటికన్నా చివర ముంచిన మేనత్త కట్టలను ఆ బురదలోంచి లాగి మోసే మనుషులు మాకు లేరు. రెండు రోజుల ఎండకు అవి గట్టిబడిపోయాయి.

మూడో రోజు బంద గట్టు మీదే పెద్దలు కూర్చున్నారు. కుళ్ళిన గోగు కంపుకి అందరూ కండువాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను మేనత్త కొంగు పట్టుకుని నిలబడ్డాను. పెద్దరైతు తన నారలో నలభై కట్టల నార ఆమెకు ఇస్తే కౌలు నిలుస్తుంది. అడగవలసింది అదొక్కటే. కాని ఒక్కరూ అతని వైపు చూసి మాట్లాడలేదు. "మదుము ఊడిపోయినట్టుంది" అన్నారొకరు. "నీరు పోయింది, ఏటి సేస్తాం" అన్నారింకొకరు. మా నాన్న కూడా నేల చూస్తూ, "మా కర్మ" అన్నాడు. మదుముకు చేతులు మొలిచి అదే తెరుచుకుందన్నట్టుంది వాళ్ళ మాట.

అప్పుడు మేనత్త వెళ్ళి పెద్దరైతు ఎదురుగా చతికిలబడి కూర్చుంది.

"మావా, నీకో కథ సెప్తాను. ఊ కొట్టు."

"ఒసే, నానేటి సంటిపిల్లోణ్ణా, కథలు సెప్తావు?" అని అతను నవ్వాడు. నలుగురూ నవ్వారు.

"సంటిపిల్లలైతే అడక్కండానే ఊ కొడతారు మావా. ఇనుకో. నువ్వు కోడి కూయకముందే లెగిసినావు. పార బుజానేసుకున్నావు. గట్టెంబడి నడిసినావు."

అలవాటు కొద్దీ నా నోటి నుంచి "ఊ" అని వచ్చేసింది. మేనత్త వెనక్కి తిరిగి, "నువ్వు కాదే. ఇది నీ కథ కాదు. ఊ మావ కొట్టాల" అంది. మళ్ళీ అతని వైపు తిరిగింది.

"మదుము కాడ వొంగినావు. వొంగితే బంద నడుమ ఎర్ర పీలికలు కనబడినాయి. అయ్యెవురివో నీకు తెలుసు. పార కిందెట్టి ఓ నిమసం నిలబడినావు. నిలబడి ఏటనుకున్నావు మావా? ఆ ముక్క నాకు తెల్దు. నీకే తెలుసు. నువ్వు ఊ అంటే కథ నడుస్తాది."

అతని మొహంలో నవ్వు పోయింది. పెదవి కదిలింది. అందరం దాని వంకే చూస్తున్నాం. ఆఖరికి కండువా దులుపుకుని, "ఆడముండలతోటి నాకేటి కథలు" అని లేచి వెళ్ళిపోయాడు. పెద్దలు కూడా ఒక్కొక్కరే లేచారు. జరిగిందేదో జరిగిపోయిందని తీర్పు. నార ఇప్పించలేదు. సంక్రాంతి రాకముందే కౌలు పోయింది. ఆ ఏడు వరి కోతలకి మేనత్త కూలికి వెళ్ళింది, అతని మడుల్లోకే. తన గోగును ఎండగట్టి పారిన నీటితో పండిన పంటను తన చేత్తో కోసింది. వెళ్ళవద్దని నేను ఏడిస్తే, "ఎల్తాను. నన్ను సూసినప్పుడల్లా ఆడికి కథ గుర్తొస్తాది" అంది.

నిజంగానే అతను ఆమె ఉన్న వరస దగ్గరికి ఎప్పుడూ రాలేదు. గట్టు చివర నిలబడి, పక్క కూలీకి చెప్పి ఆమెకు చెప్పించేవాడు. అదే అతను తీర్చిన వడ్డీ అనుకోమంటారా? నేను అనుకోను.

నేను బడికి వెళ్ళింది తక్కువ. కూడికలూ తీసివేతలూ నార బేరాల దగ్గర నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఆడవాళ్ళ చీటీలకీ, పాల కేంద్రానికీ లెక్కలు నేనే చూస్తాను. ఎవరైనా వచ్చి, "పొరపాటు జరిగిందమ్మా" అంటే నా ఒళ్ళు మండుతుంది. పొరపాట్లు వాటంతట అవి జరగవు. ఎదురుగా కూర్చోబెట్టి, "నువ్వు పొద్దున్న తాళం తీసినావు. తరవాతేటి చేసినావు?" అని మొదలుపెడతాను. కొందరు ఊ కొడతారు. కొందరు లేచి వెళ్ళిపోతారు. ఎవరు ఎటువంటివారో నాకు అక్కడే తెలిసిపోతుంది.

మేనత్త పోయింది. పెద్దరైతూ పోయాడు. బంద పూడ్చి ఇళ్ళు కట్టారు. నలభై కట్టలూ రాని బాకీ కింద కొట్టేశాను, ఎకరం కౌలూ, ఆ ధీమా కూడా కొట్టేశాను. కొట్టెయ్యనిది ఒక్కటే ఉంది. ఆ గట్టు మీద, అంతమంది ఎదుట, మా మేనత్తకు అతని నోటి నుంచి రావలసిన ఊ. ఒకటి.