సొంత జడ

మాచర్ల నుంచి నరసరావుపేట వచ్చే బస్సులో ఫోన్లో సినిమా చూస్తున్నాను. పేరొచ్చాక నిద్ర కరువైన ఒక హీరోయిన్ కథ. బట్టల షాపు ఓపెనింగ్‌లో ఒక తాగుబోతు ఆమె జడ పట్టి లాగే సీను వచ్చింది.

"అక్కా, ఆ సీను కొంచెం ముందుకు జరపండి," అంది పక్క సీటావిడ. ముఖానికి మాస్కు, తలకు స్కార్ఫు. ఆ గొంతూ ఫోన్లో హీరోయిన్ గొంతూ ఒకటే.

"అమ్మో, మీరేనా ఏంది?"

"మెల్లగా అక్కా," అంటూ బస్సంతా కలయజూసింది. "నా కథే. కాకపోతే లాగింది తాగుబోతు కాదు, ఒక ఆడమనిషి. లాగి, 'సవరం కాదే, సొంతదే!' అని పక్కనోళ్లకి చెప్పి నవ్వింది. ఆడవాళ్లు అట్లా చేస్తారంటే ఎవరూ నమ్మరని డైరెక్టర్ మార్చాడు. ఆ రోజు నుంచీ నా వెనక ఎవరన్నా ఉంటే చెమటలు పడతాయి."

ఫోన్ కట్టేసి సంచిలో పెట్టేశాను. ఆ షాపు నరసరావుపేటలోది. ఆ మాట నాది. గొంతు గుర్తుపడుతుందేమోనని మళ్లీ నోరు విప్పలేదు.

బస్టాండు దగ్గరపడగానే జనం సీట్లలోంచి లేచారు. కంగారులో ఆమె స్కార్ఫు జారింది. చెవుల దాకా కత్తిరించేసిన జుట్టు కనిపించింది.

"చేతులు వణుకుతున్నాయక్కా. స్కార్ఫుకి ఈ పిన్ను కాస్త పెడతారా?" అని నా చేతిలో పెట్టి, నమ్మకంగా నాకు వీపు తిప్పి కూర్చుంది.

ఒక్క వెంట్రుకైనా లాగకుండా ఆ పిన్ను పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.