రాజ్యలక్ష్మి గారి చేతిమాట

మా పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళు ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారు. పొద్దున్నే నేను కాఫీ కలుపుకుంటుంటే ఆ ఇంటాయన గొంతు మెట్ల మీదుగా దిగి వస్తుంది. "సిట్. సిట్. సిట్ అన్నానా... సిట్." కుక్కపిల్ల గోళ్ళు మాత్రం గచ్చు మీద టకటకలాడుతూనే ఉంటాయి. నిన్న ఆ అరుపులు వింటూ వింటూ ఉండగా నా చేతిలో చెంచా ఆగిపోయింది. "ఒక్కసారే చెప్పాలమ్మాయ్. చెప్పాక ఊరుకోవాలి" అని ఎవరో నా వెనక నిలబడి అన్నట్టయింది. ఆ మాట అనే మనిషి పేరు రాజ్యలక్ష్మి. గుంటూరులో మా ఇంటిగలావిడ. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

తొంభైల చివర్లో గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడానికి చేరాను. మాది చీరాల. ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే కాబట్టి నా గొంతు మొదటినుంచీ పెద్దది. అయినా నిండు క్లాసులో అది చాలేది కాదు. సాయంత్రానికి బొంగురుపోయి, మిరియాల పాలు తాగుతూ పిన్నిగారి మేడ మీద అద్దె గదిలో కూలబడేదాన్ని. కింద ఆ దంపతులిద్దరే ఉండేవారు. పిల్లల్లేరు. పిన్నిగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ భర్త వెంకటేశ్వర్లు గారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినపడేది.

భీముణ్ణి తెచ్చింది ఆయనే. తెలిసినవాళ్ళ కోల్డ్ స్టోరేజీలో పుట్టిన కుక్క. చెవులు సీమ జాతివి, తోక మన ఊరిది. ఏడాది నిండకుండానే దూడంత అయింది. కరిచే గుణం లేదు గాని మనిషి కనపడితే చాలు, ఆనందంతో మీదికి దూకేది. ఒకరోజు పాలు పోసే నాగమ్మ గేటు తీయగానే రెండు కాళ్ళూ ఆవిడ భుజాల మీద వేసింది. నాగమ్మ వెల్లకిలా పడింది, క్యాను దొర్లిపోయింది, మణికట్టు బెణికింది. పిన్నిగారు ఆవిణ్ణి రిక్షా ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించి తీసుకొచ్చేసరికి వెంకటేశ్వర్లు గారు నిర్ణయం చేసేశారు.

"రేపు వీణ్ణి పొలానికి తోలేస్తాను. పత్తి చేలో కట్టేస్తే కాపలా అన్నా ఉంటాడు."

"కట్టేస్తే వాడికేం తెలుస్తుందండీ? మిరప కోతలయ్యేదాకా నాకొదిలెయ్యండి. అప్పటికీ ఇలాగే ఉంటే మీ ఇష్టం" అన్నారావిడ.

మర్నాటినుంచి పొద్దున్నే ఇంటి ముందు ఖాళీ జాగాలో భీముడికి బడి మొదలైంది. మేడ మెట్లు అక్కడికే దిగుతాయి కాబట్టి నేను రోజూ చూసేదాన్ని. ఆవిడ పిడికిట్లో ఇడ్లీ ముక్క పట్టుకుని దాని ముక్కు పైనుంచి మెల్లగా వెనక్కి జరిపేవారు. తల పైకెత్తి చూసేసరికి నడుము దానంతటదే కిందికి దిగేది. అప్పుడు "కూర్చో" అనేవారు, ఒక్కసారే, పక్కింటికి కూడా వినపడనంత నెమ్మదిగా. వెంటనే ముక్క నోటికి అందేది. కొన్నాళ్ళకు ముక్క లేకుండా మాట మాత్రమే చెప్పి ఊరుకున్నారు. భీముడు అటు చూసింది, ఇటు చూసింది, తోకాడించింది. నేను ఆగలేక "కూర్చో, కూర్చో" అన్నాను.

"నువ్వు పదిసార్లు చెబితే పదోసారికి కూర్చుంటే చాలనుకుంటాడు అమ్మాయ్. మాట వాడి చెవిలో పడింది. లోపలికి దిగనీ."

అంత మెల్లగా చెబితే ఎలా వింటాడని అడిగాను. ఆవిడ నవ్వారు. "ట్రంక్ కాల్స్ రోజుల్లో అవతలివాళ్ళు అరిచేవాళ్ళు. నేనూ అరిస్తే ఇద్దరికీ ఏమీ తెలిసేది కాదు. గొంతు తగ్గిస్తే వాళ్ళే ఆగి చెవి పెట్టేవాళ్ళు."

ఒకసారి గేటు తెరిచి ఉంటే భీముడు వీధిన పడి ఎటో పోయింది. ఆవిడ గేటు దగ్గర ఒక్కసారి పిలిచి కాచుకుంటే ఎప్పటికో, ఒళ్ళంతా బురదతో తల వంచుకుని వచ్చింది. వెంకటేశ్వర్లు గారు చెప్పు తీశారు. పిన్నిగారు అడ్డం వెళ్ళి నిలబడ్డారు. "పోయినందుకు కొట్టాలని మీ ఉద్దేశం. వచ్చినందుకు కొట్టారని వాడికి తెలుస్తుంది. ఇక ఎప్పుడూ రాడు." ఆయన చెప్పు కింద పడేసి, కాలికి తొడుక్కుని, గొణుక్కుంటూ యార్డుకు వెళ్ళిపోయారు.

కోతలు ముగిసి వీధుల్లో మిరపకాయల టిక్కీ బస్తాల లారీలు తిరిగే రోజులకు, నాగమ్మ వస్తే భీముడు అరుగు పక్కన కూర్చునే ఉండేది. ఒళ్ళంతా వణికేది, నోట్లోంచి సన్నటి మూలుగు వచ్చేది, అయినా లేచేది కాదు. నాగమ్మ మొదటిరోజు గేటు బయటే నిలబడి చాలాసేపు చూసి, "వీడేనాండీ ఆ దున్నపోతు?" అంది. పొలం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేను కాలేజీలో అదే ప్రయత్నించాను. ఒక్కసారి చెప్పి, చాక్‌పీసు బల్ల మీద పెట్టి ఊరుకున్నాను. మొదటిరోజు గంట కొట్టేదాకా గోల ఆగలేదు. ఆ సంగతి చెబితే పిన్నిగారు, "వాళ్ళకు ఇడ్లీ పెట్టావా మరి?" అన్నారు. అంటే ఏమిటో నెమ్మదిగా తెలిసింది. విన్నవాళ్ళను గమనించి ఒక మంచి మాట అనడం నాకు అలవాటు లేదు. అది అలవాటయ్యాక మిరియాల పాల అవసరం తగ్గింది.

ఆ తర్వాత ఏడాది పిన్నిగారి గొంతు బొంగురుపోయింది. మిరప ఘాటు అనుకున్నాం. ఎండాకాలం వెళ్ళినా తగ్గలేదు. మద్రాసు తీసుకెళ్తే కంతి అన్నారు, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు. తిరిగి వచ్చిన మనిషికి మెడ మీద ఊపిరి తీసుకునే రంధ్రం, దాని మీద తడిపిన గాజుగుడ్డ ఉన్నాయి. మాట లేదు. కాగితం, కలం పక్కన పెడితే జరిపేసేవారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆ ఇంట్లో వెంకటేశ్వర్లు గారి గొంతు ఒక్కటే మిగిలింది. అది కూడా చిక్కిపోయింది.

భీముడు ఆవిడ గది గుమ్మంలో చెవులు నిక్కించి కూర్చునేది. పిలుపు రాలేదు. కొన్నాళ్ళకు మళ్ళీ మనుషుల మీదికి దూకడం మొదలుపెట్టింది. "నా మాట వినడమ్మాయ్. నువ్వన్నా చెప్పి చూడు" అన్నారాయన ఒకరోజు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

ఒక పొద్దున నేను మెట్లు దిగుతుంటే పిన్నిగారు ఇంటి ముందు నిలబడి ఉన్నారు. భీముడు ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ అరచెయ్యి తెరిచి, మెల్లగా పైకెత్తారు. దానికి అర్థం కాలేదు. మళ్ళీ ఎత్తారు. తోకాడించింది. ఆవిడ ముఖం చూస్తే, వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోతారనిపించింది. నేను గాబరాగా "కూర్చో" అన్నాను. కూర్చుంది.

ఆవిడ నావైపు చూశారు. తర్వాత కుక్కవైపు. మళ్ళీ చెయ్యెత్తి, ఎత్తాక నావైపు కళ్ళతో సైగ చేశారు. చెప్పాను. కూర్చుంది. ఇద్దరం ఒకేసారి చేస్తే ఆవిడ తల అడ్డంగా ఊపేవారు. ముందు చెయ్యి, ఆ వెనక మాట, చివరికి ఇడ్లీ ముక్క, అదీ వరస. అలా రోజూ కాలేజీకి వెళ్ళబోయే ముందు నేను ఆవిడ గొంతునయ్యాను. చెయ్యి ఎత్తితే కూర్చోవడం, అరచెయ్యి ఎదురుగా పెడితే ఆగడం, రొమ్ముకు తాకిస్తే దగ్గరికి రావడం. రోజురోజుకూ నా గొంతు తగ్గించమని వేళ్ళతో సైగ చేసేవారు. చివరికి గుసగుసలోకి దిగాను.

ఒకరోజు ఆవిడ నా పెదవుల మీద వేలు పెట్టారు. భీముడి వైపు తిరిగి చెయ్యెత్తారు. అది నా ముఖంలోకి చూసింది. మాట నా నాలుక చివర ఉంది. మింగాను. అది ఆవిడ వైపు తిరిగింది, ఆవిడ చేతిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. లోపల గుమ్మం దగ్గర వెంకటేశ్వర్లు గారు కండువా చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. భీముడు ఆవిడ చేతి మీద చూపు నిలిపి, నెమ్మదిగా కూర్చుంది. పిన్నిగారి భుజాలు అదిరాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నారు. చప్పుడు లేని నవ్వు, మెడ మీద గుడ్డ ఎగిరెగిరి పడేంత నవ్వు.

ఆ తర్వాత ఆవిడ గోడవైపు తిరిగి పడుకోలేదు. భీముడు అటు తిరిగి ఉంటే కాలు నేలకు తాటించి పిలిచేవారు. ఆ చప్పుడుకు కుక్కతోపాటు భర్త కూడా ఉలిక్కిపడి చూసేవారు.

పెళ్ళయి నేను నరసరావుపేట వెళ్ళిపోయాను. నాలుగైదేళ్ళ తర్వాత చూడటానికి వెళితే భీముడి మూతి నెరిసింది. వెంకటేశ్వర్లు గారు వ్యాపారం మానేసి ఆవిడకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడ రెండు చేతులతో ఏదో పెద్ద కథే చెబుతున్నారు. ఆయన కళ్ళు తిప్పకుండా చూసి, "అమ్మాయి చిక్కింది, భోజనం చేసి వెళ్ళమంటోంది" అన్నారు నాతో.

ఇదంతా ఎలా తెలుస్తుంది బాబాయిగారూ అని అడిగాను.

"ఇదివరకు పేపరు చదువుకుంటూ ఊఁ అనేవాణ్ణమ్మాయ్. సగం నా చెవికెక్కేది కాదు. ఇప్పుడు అటు చూడకపోతే ఈవిడ మాట లేదుగా. అందుకని చూస్తున్నా" అన్నారు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నేను కుక్కను ఎప్పుడూ పెంచలేదు. కాని ఇంట్లో ఎవరు నాతో మాట్లాడినా, స్టవ్ మీద ఏమున్నా సరే, చేతిలో పని ఆపి వాళ్ళ ముఖంలోకి తిరిగి నిలబడతాను. మా ఇంట్లో కూరలు కాస్త ఎక్కువగానే మాడతాయి.